కోడ్ టైపుల నుంచి ఏపీఐ డాక్యుమెంటేషన్: బయటికి వదిలే ముందు జాగ్రత్తలు

టైపు నిర్వచనాల నుంచి డాక్యుమెంటేషన్ పుట్టించడం మొదట చాలా తేలికగా కనిపిస్తుంది. లైబ్రరీ చేర్చి, నాలుగు లైన్లు రాసి సర్వర్ నడిపితే ఎండ్‌పాయింట్లన్నీ (రిక్వెస్టులు అందుకునే చిరునామాలు) పేజీ మీద వరుసగా వచ్చేస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. ఆ పేజీ చూసి బయటి టీములు కోడ్ రాసుకుంటాయి, ఏపీఐని టూల్స్ చదివే రూపంలో వర్ణించే ఓపెన్‌ఏపీఐ ఫైలు నుంచి ఎస్‌డీకేలు (ఆ ఏపీఐని పిలిచే రెడీమేడ్ కోడ్) తయారుచేసుకుంటాయి. ఇక ఆ ఫైలులోని ప్రతి మాటా మీరిచ్చిన హామీ కిందే లెక్క. తప్పు పడిందని తర్వాత దిద్దితే దాన్ని నమ్మినవాళ్ల కోడ్ ఆగిపోతుంది. కాబట్టి దిద్దుబాట్లన్నీ మొదటి విడుదలకు ముందే పూర్తి కావాలి.

ముందు చూడాల్సింది: ఏం బయటపడుతోంది

డేటాబేస్ మోడల్‌నే నేరుగా రెస్పాన్స్ టైపుగా వాడితే పాస్‌వర్డ్ హ్యాష్, సిబ్బంది రాసుకున్న నోట్, తొలగించినట్టు గుర్తుపెట్టే ఫ్లాగ్, అన్నీ స్కీమాలోకి, అంటే ఆ ఫైలులోని డేటా ఆకారపు వర్ణనలోకి, ఎక్కేస్తాయి. రిక్వెస్టుకు ఒకటి, రెస్పాన్సుకు ఒకటి విడివిడిగా టైపులు రాయండి. ఈ రెండూ టేబుల్ మోడల్ నుంచి వారసత్వం తీసుకోకూడదు. తీసుకుంటే రేపు టేబుల్‌కు ఒక కాలమ్ చేరగానే అది ఎవరూ అడగకుండానే డాక్యుమెంటేషన్‌లోనూ కనిపిస్తుంది.

ఇక్కడే అందరూ పొరబడే సంగతి ఒకటుంది. టైప్‌స్క్రిప్ట్‌లో రెస్పాన్స్‌కు చిన్న టైపు ప్రకటించినంత మాత్రాన అదనపు ఫీల్డులు రాలిపోవు. డేటాబేస్ నుంచి వచ్చిన ఆబ్జెక్టును వేరియబుల్‌లో పెట్టి తిరిగి పంపితే కంపైలర్ ఒప్పుకుంటుంది, డాక్యుమెంటేషన్ శుభ్రంగా కనిపిస్తుంది, తీగ మీద (నెట్‌వర్క్‌లో నిజంగా వెళ్లే డేటాలో) మాత్రం హ్యాష్ వెళ్తూనే ఉంటుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్‌ఏపీఐలో రెస్పాన్స్ మోడల్ ప్రకటిస్తే అది బయటికి వెళ్లే డేటాను కూడా వడకడుతుంది. మీ ఫ్రేమ్‌వర్క్ ఈ రెండింటిలో ఏ తీరుదో తెలుసుకోకుండా ముందుకు వెళ్లవద్దు. వడకట్టనిదైతే ఫీల్డులను ఒక్కొక్కటిగా ఏరి కొత్త ఆబ్జెక్టులోకి పెట్టే ఫంక్షన్ రాయాల్సిందే.

కామెంట్లు కూడా బయటికి వెళ్తాయి. టైపు మీద రాసిన డాక్ కామెంటు, ఫంక్షన్ కింది డాక్‌స్ట్రింగ్ నేరుగా వివరణలుగా మారతాయి. "ఇది తర్వాత తీసేయాలి", "ఫలానా కస్టమర్ కోసం తాత్కాలికం" వంటివి ఏళ్ల తరబడి కోడ్‌లో పడి ఉంటాయి. అందుకే పుట్టిన ఫైలులోని వివరణలన్నీ ఒక మనిషి కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఉదాహరణలుగా పెట్టిన విలువల్లో నిజమైన ఫోన్ నంబర్లు, టోకెన్లు లేవని కూడా ఆ చదువులోనే తేల్చుకోండి.

ఫాస్ట్‌ఏపీఐలో రెండు డాక్యుమెంటేషన్ పేజీలు, వాటికి ఆధారమైన జేసన్ ఫైలు (అదే ఓపెన్‌ఏపీఐ ఫైలు) లాగిన్ లేకుండానే తెరుచుకుంటాయి. జావా స్ప్రింగ్ యాప్‌లకు ఇదే పని చేసే స్ప్రింగ్‌డాక్‌లోనూ జేసన్‌కు తెలిసిన దారి ఉంది. స్వాగర్ అనే డాక్యుమెంటేషన్ పేజీని మాత్రమే మూసి జేసన్‌ను వదిలేస్తే ఏమీ దాచినట్టు కాదు. ఫాస్ట్‌ఏపీఐలో జేసన్ దారికి విలువ లేకుండా చేస్తే పేజీలు కూడా దాంతోపాటే మూతపడతాయి. ఇక ఒక ఎండ్‌పాయింటును స్కీమాలో చూపించవద్దని గుర్తు పెట్టినా అది పనిచేస్తూనే ఉంటుంది. దానికి కావలసిన అనుమతి తనిఖీ వేరుగా రాయాలి.

లేకపోవడం వేరు, ఖాళీగా ఉండటం వేరు

క్లయింట్ కోడ్ ఎక్కువగా విరిగేది ఇక్కడే. ఒక ఫీల్డుకు మూడు స్థితులు ఉంటాయి: కీ అసలు లేకపోవడం, కీ ఉండి విలువ నల్ కావడం, విలువ ఉండటం. ఒక్కో భాష వీటిని ఒక్కో తీరులో కలిపేస్తుంది.

పైథాన్‌లో ఆప్షనల్ స్ట్రింగ్ అని రాసి డిఫాల్ట్ ఇవ్వకపోతే, ఫాస్ట్‌ఏపీఐ డేటా తనిఖీకి వాడే పైడాంటిక్ లైబ్రరీ మొదటి వెర్షన్‌లో ఆ ఫీల్డు పంపకపోయినా సరిపోయేది. రెండో వెర్షన్‌లో అది తప్పనిసరి, నల్ మాత్రం పంపవచ్చు. వెర్షన్ మార్చితే కోడ్‌లో ఒక్క అక్షరం కదలకుండానే ఏపీఐ కట్టుదిట్టమవుతుంది. ఆ ఫీల్డు పంపకుండా వదిలేసే పాత క్లయింట్లన్నిటికీ 422 (డేటా సరిగా లేదనే) ఎర్రర్ వస్తుంది. జావాలో ఇందుకు తలకిందులు. ఏ రెఫరెన్స్ అయినా నల్ కావచ్చు కనుక, నాట్‌నల్ వంటి గుర్తు లేనిదే స్ప్రింగ్‌డాక్ ఏ ఫీల్డునూ తప్పనిసరి అనదు. అలా పుట్టిన క్లయింటులో ప్రతి ఫీల్డుకూ నల్ తనిఖీ రాయాల్సి వస్తుంది. గో భాషలో ఒమిట్‌ఎంప్టీ (ఖాళీ విలువను వదిలేయమనే ట్యాగు) పెట్టిన పూర్ణాంకం విలువ సున్నా అయితే కీయే మాయమవుతుంది. ఫాల్స్ కూడా అంతే. నిల్వ సున్నా అని చెప్పాల్సిన చోట నిల్వ ఫీల్డే కనిపించకపోతే చదివేవాడికి ఏమర్థమవుతుంది? అలాంటి ఫీల్డుల నుంచి ఆ ట్యాగు తీసేయండి.

నల్‌ను రాసే పద్ధతి స్పెసిఫికేషన్ వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఓపెన్‌ఏపీఐ 3.0లో నలబుల్ అనే ప్రత్యేక గుర్తు ఉంటుంది. 2021లో వచ్చిన 3.1 జేసన్ స్కీమా 2020-12తో కలిసిపోయింది కనుక అందులో ఆ గుర్తు లేదు, టైపుల జాబితాలోనే నల్‌ను చేర్చాలి. 3.0లో రెఫ్ (వేరేచోట ఉన్న స్కీమాను సూచించే గుర్తు) పక్కన ఏం రాసినా లెక్కలోకి రాదు కాబట్టి రెఫ్‌కు ఆనించి పెట్టిన నలబుల్ పనిచేయదు. మీ జనరేటర్ ఏ వెర్షన్ రాస్తోందో, వాడేవాళ్ల ఎస్‌డీకే టూలు దాన్ని చదవగలదో ముందే అడిగి తెలుసుకోండి.

డిఫాల్ట్ ఉన్న ఫీల్డు పంపేటప్పుడు ఐచ్ఛికం, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పైడాంటిక్ రెండో వెర్షన్‌తో ఫాస్ట్‌ఏపీఐ 0.101 నుంచి ఈ రెండింటికీ వేర్వేరు స్కీమాలు రాస్తుంది, పేర్ల చివర ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని చేరతాయి. తేడా చూపడం సరైనదే. కాకపోతే ఎస్‌డీకేలోని క్లాసు పేర్లు మారిపోతాయి. విడగొట్టాలా వద్దా అన్నది మొదటి విడుదలకు ముందే తేల్చుకోండి.

టైపు ఒకటి, తీగ మీద మరొకటి

64 బిట్ల ఐడీలను సంఖ్యలుగా పంపితే బ్రౌజర్‌లో 9007199254740991 దాటినవి చివరి అంకెల్లో తప్పుతాయి. జావాస్క్రిప్ట్ సంఖ్య అంతకుమించి పూర్ణాంకాలను కచ్చితంగా పట్టుకోలేదు. ఇలాంటి ఐడీలను స్ట్రింగ్‌గా ప్రకటించి స్ట్రింగ్‌గానే పంపండి. ఇంకో వైపు, నోడ్ కోసం పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ బిగ్‌ఇంట్ కాలమ్‌ను మార్చమని చెప్పకపోతే స్ట్రింగ్‌గానే ఇస్తుంది. టైపులో నంబర్ అని రాసి ఉంటే కంపైలర్ అదే నమ్ముతుంది, డాక్యుమెంటేషన్ అదే చెబుతుంది, వచ్చేది మాత్రం కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న అంకెలు.

తేదీల దగ్గర టైమ్‌జోన్ చూడండి. స్కీమాలో డేట్‌టైమ్ ఫార్మాట్ అంటే ఆర్‌ఎఫ్‌సీ 3339 ప్రమాణం ప్రకారం ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) తప్పనిసరి. పైథాన్‌లో టైమ్‌జోన్ లేని సమయం ఆఫ్‌సెట్ లేకుండానే బయటికి వెళ్తుంది, స్కీమా మాత్రం అదే ఫార్మాట్ అని చెబుతుంది.

ఈనమ్‌లను (ముందే నిర్ణయించిన పేర్ల జాబితాలను) అంకెలుగా వదలవద్దు. డాట్‌నెట్‌లో డిఫాల్టుగా అంకెలే వెళ్తాయి. మధ్యలో ఒక పేరు చేరిస్తే తర్వాతవాటి అర్థాలన్నీ జరిగిపోతాయి.

టైప్‌స్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ నెస్ట్‌జేఎస్ వాడేవారికి ప్రత్యేకంగా: టైప్‌స్క్రిప్ట్ టైపులు కంపైల్ అయ్యాక మిగలవు. రిక్వెస్ట్ టైపును ఇంటర్‌ఫేస్‌గా రాస్తే స్కీమాలోకి ఏ ఫీల్డూ రాదు, క్లాసుగా రాయాలి. అర్రే లోపలి టైపును డెకొరేటర్‌లో విడిగా చెప్పాలి. చెప్పకపోయినా ఎర్రర్ రాదు, స్కీమా మాత్రం అసంపూర్ణంగా మిగులుతుంది. పుట్టిన ఫైలులో లక్షణాలేమీ లేని స్కీమాలు ఎన్ని ఉన్నాయో వెతికే చిన్న స్క్రిప్టు రాసుకుంటే ఇవి, ఎనీ టైపు వాడిన చోట్లు, అన్నీ ఒకేసారి దొరుకుతాయి.

పేర్లు

ఆపరేషన్ ఐడీ (ఫైలులో ఒక్కో ఎండ్‌పాయింటుకు ఉండే పేరు) నుంచే ఎస్‌డీకేలో మెథడ్ పేరు పుడుతుంది. ఫాస్ట్‌ఏపీఐ దాన్ని ఫంక్షన్ పేరు, దారి, హెచ్‌టీటీపీ మెథడ్ కలిపి తయారుచేస్తుంది. తర్వాత లోపలి ఫంక్షన్ పేరును ఇంకా మంచిదానికి మార్చినా ఆ ఐడీ మారి బయట ఎవరిదో బిల్డ్ ఆగిపోతుంది. కనుక ఆపరేషన్ ఐడీలను చేత్తో రాయండి. జావాలో వేర్వేరు ప్యాకేజీల్లో ఒకే పేరున్న రెండు క్లాసులుంటే స్ప్రింగ్‌డాక్‌లో ఒకటి మరొకదాన్ని కప్పేస్తుంది. పూర్తి పేరు వాడే సెట్టింగ్ ఉంది గానీ దాంతో పేర్లు మరీ పొడవవుతాయి. స్కీమా పేరును గుర్తు పెట్టి మార్చుకోవడమే మేలు.

టైపులకు తెలియనివి

ఫంక్షన్ లోపల ఎక్కడో లేచే 404 (దొరకలేదు), 409 (ఘర్షణ) ఎర్రర్లు రిటర్న్ టైపులో ఉండవు కాబట్టి జనరేటర్ వాటిని చూడదు. ఫాస్ట్‌ఏపీఐ 422ను తానే చేరుస్తుంది, మిగతావి మీరు ప్రకటించాలి. ఎర్రర్లన్నిటికీ ఒకే ఆకారం ఉంటే ఈ పని తేలికవుతుంది. ఎర్రర్ల కోసం 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9457 ప్రమాణపు ఆకారం చాలావాటికి సరిపోతుంది. మిడిల్‌వేర్‌లో జరిగే లాగిన్ తనిఖీ, రేట్ పరిమితి, పేజీకి ఎన్ని వరుసలు, ఏ క్రమంలో వస్తాయి, అదే రిక్వెస్టు రెండోసారి పంపితే ఏమవుతుంది, ఇవన్నీ చేత్తో రాయాల్సినవే. డబ్బు కట్టించే ఎండ్‌పాయింటుకు ఆ చివరి ప్రశ్నకు జవాబు లేకుండా విడుదల చేయవద్దు.

బిల్డ్‌లో కాపలా

పుట్టిన ఓపెన్‌ఏపీఐ ఫైలును రిపాజిటరీలోనే పెట్టండి. సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ దానంతటదే నడిచే బిల్డ్‌లో) మళ్లీ పుట్టించి, ఉన్నదానితో గిట్ డిఫ్ తీసి, తేడా ఉంటే బిల్డ్ ఆపాలి. అప్పుడు ఏపీఐలోని ప్రతి మార్పూ రివ్యూ చేసేవారి కళ్లముందుకు వస్తుంది. ఇది నిలకడగా పనిచేయాలంటే జనరేటర్ వెర్షన్ బిగించాలి, కీలను క్రమంలో పెట్టాలి, ఫైలులో తయారైన సమయం ముద్రించకూడదు. ఫైలు పుట్టించడానికి డేటాబేస్ అవసరం కాకూడదు. ఫాస్ట్‌ఏపీఐలో సర్వర్ నడపకుండానే యాప్ నుంచి స్కీమా తీయవచ్చు, అయితే ఇంపోర్ట్ చేసేటప్పుడే కనెక్షన్ తెరిచే కోడ్ ఉంటే అది సీఐలో పడిపోతుంది.

మామూలు డిఫ్ మారిందని చెబుతుందే గానీ విరిగిందని చెప్పదు. దానికి ఓఏఎస్‌డిఫ్ వంటి టూలు కావాలి. రిక్వెస్టులో కొత్త తప్పనిసరి ఫీల్డు, రెస్పాన్సులో తీసేసిన ఫీల్డు వంటివి అది పట్టుకుంటుంది. రెస్పాన్స్ ఈనమ్‌కు కొత్త విలువ చేర్చడాన్ని చాలామంది మార్పుగానే చూడరు, కచ్చితంగా చదివే క్లయింట్లు మాత్రం అక్కడ ఆగిపోతాయి. తెలియని విలువ వస్తే ఏం చేయాలో వివరణలో ముందే రాసి పెట్టండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఫైలు చెప్పేదీ సర్వర్ చేసేదీ ఒకటేనా అన్నది మిగులుతుంది. స్కీమథెసిస్ అనే పరీక్షా టూలు ఆ ఫైలును చదివి రకరకాల రిక్వెస్టులు తానే తయారుచేసి పంపి, వచ్చిన జవాబులను స్కీమాతో పోలుస్తుంది. దాన్ని పరీక్షా సర్వర్ మీదే నడపండి, తొలగించే ఎండ్‌పాయింట్లను కూడా అది వదలదు.