క్వెరీకి ఒక్క వరుసా రానప్పుడు ప్రోగ్రాం ఏం చేయాలి

గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. ఒక కోల్డ్ స్టోరేజీ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ ఆదివారం నాడు ఆ రోజు తేజ రకం మిర్చి ధర ఎంతని డేటాబేస్‌ను అడిగితే (ఇలా అడిగే ప్రశ్నే క్వెరీ) ఒక్క వరుస కూడా రాదు, రాకపోవడమే సరైన జవాబు. అదే సాఫ్ట్‌వేర్, రైతు రసీదు చేతపట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా, ఆ రసీదులోని లాటు నంబరు కోసం వెతికి ఏమీ లేదంటే మాత్రం ఎక్కడో తేడా జరిగిందని అర్థం. డేటాబేస్ దృష్టిలో ఈ రెండింటికీ తేడా లేదు. షరతుకు సరిపోయే వరుసలు లేకపోవడాన్ని క్వెరీలు రాసే భాష అయిన ఎస్‌క్యూఎల్ ఎర్రర్‌గా పరిగణించదు. కాబట్టి ఖాళీ ఫలితానికి అర్థమేమిటో ప్రోగ్రామరే, అదీ క్వెరీ రాయడానికి ముందే, నిర్ణయించుకోవాలి: అది సహజమైన ఖాళీయా, అడిగినది దొరకకపోవడమా, లేక ఉండి తీరవలసినది లేకపోవడమా?

ఆ తరువాత మీరు వాడే భాష ఖాళీని ఏ రూపంలో అందిస్తుందో చూసుకోవాలి. పైథాన్ డేటాబేస్ డ్రైవర్లలో (భాషను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీల్లో) ఒక వరుసను తెచ్చే ఫెచ్‌వన్ నన్‌ను, అంటే విలువ లేదనే గుర్తును, అన్నిటినీ తెచ్చే ఫెచ్‌ఆల్ సాధారణంగా ఖాళీ జాబితాను ఇస్తాయి. పీహెచ్‌పీలో పీడీవో ఫెచ్ ఫాల్స్‌ను ఇస్తుంది. జావాలో ఎగ్జిక్యూట్‌క్వెరీ ఎప్పుడూ నల్ (విలువ లేదనే గుర్తు) ఇవ్వదు కనుక రిజల్ట్‌సెట్ నల్ అవునా కాదా అని పరీక్షించడం వృథా. తరువాతి వరుసకు వెళ్లే నెక్స్ట్ ఫాల్స్ ఇచ్చిందా అన్నదే చూడాలి. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లోని క్వెరీఫర్‌ఆబ్జెక్ట్ ఏకంగా ఎక్సెప్షన్ విసురుతుంది, గో భాషలో ఒకే వరుస అడిగినప్పుడు స్కాన్ దగ్గర వరుసలు లేవని చెప్పే ఎర్‌నోరోస్ ఎర్రర్ వస్తుంది. ఈ తేడాలను ప్రోగ్రాం అంతటా చెదరగొట్టకుండా డేటాబేస్‌తో మాట్లాడే పొరలోనే ముగించి, జాబితా అడిగే ఫంక్షన్ ఎప్పుడూ జాబితానే, ఖాళీదైనా సరే, ఇచ్చేలా రాయడం మేలు. వెబ్ ఏపీఐలో కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు: రైతు లాటుల జాబితా ఖాళీగా ఉంటే 200 (సఫలం) కోడ్‌తో ఖాళీ జాబితా, ఫలానా నంబరు లాటే లేకపోతే 404 (దొరకలేదు).

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేవి మొత్తాలు, సగటులు. గ్రూప్ బై (వరుసలను గుంపులుగా విడదీసే మాట) లేని సమ్ (మొత్తం కట్టే) క్వెరీకి ఒక్క వరుసా దొరకకపోయినా ఫలితంగా ఒక వరుస వస్తుంది, అందులో విలువ మాత్రం నల్. అంటే వరుస వచ్చిందా లేదా అని పరీక్షించే కోడ్ ఇక్కడ మోసపోతుంది. వరుసలను లెక్కపెట్టే కౌంట్ మాత్రం సున్నా ఇస్తుంది. అయితే గ్రూప్ బై చేరిస్తే అదీ ఉండదు, టిక్కీలు (మిర్చి బస్తాలు) లేని రైతు పేరే ఫలితంలో కనిపించదు. నల్‌ను సున్నాగా మార్చడానికి కోలెస్ ఉంది కదా అని అన్ని చోట్లా పెట్టేయకూడదు. నిల్వ ఉన్న టిక్కీల మొత్తానికి సున్నా నిజమే. వేసవి సెలవుల్లో యార్డు మూసి ఉన్న రోజుల సగటు ధరకు సున్నా పచ్చి అబద్ధం, ఆ సంఖ్య ఆధారంగా సరుకు విలువ కట్టి అప్పు మంజూరు చేసే లెక్క ఇంకా పెద్ద అబద్ధం. ధర విషయంలో నల్‌ను అలాగే ఉంచి, తెరపై ఆ రోజు యార్డు లేదని రాయడమే నిజాయితీ.

ఇక డేటా ఉండి కూడా ఖాళీ వచ్చే సందర్భాలు. సర్వర్ గడియారం యూటీసీలో (భారత కాలమానం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంటే, సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు దిగిన సరుకు అక్కడ ఆదివారం రాత్రి 10:30కి నమోదవుతుంది, తేదీని మాత్రమే పోల్చే క్వెరీకి అది సోమవారం సరుకుగా దొరకదు; రోజు హద్దులను భారత కాలమానంలో లెక్కగట్టి, యూటీసీకి మార్చి పంపాలి. తెలుగులో టైపు చేసిన పేర్లతో మరో చిక్కుంది: శ్రీనివాస్ వంటి పేరు చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం చేరితే, చూడటానికి రెండు పేర్లూ ఒకటే అయినా పోలిక కుదరకపోవచ్చు. భద్రపరిచేటప్పుడూ వెతికేటప్పుడూ ఒకే శుభ్రపరిచే ఫంక్షన్ గుండా పేరును పంపడం దీనికి మందు, వెతకడానికి పేరు కన్నా ఖాతా నంబరు ఎప్పుడూ నయం. ఫలానా జాబితాలో లేనివాటిని అడిగే నాట్ ఇన్ లోపలి క్వెరీలో ఒక్క నల్ ఉన్నా బయటి ఫలితం పూర్తిగా ఖాళీ అవుతుంది. అక్కడ నాట్ ఎగ్జిస్ట్స్ వాడాలి. రైతుల టేబుల్‌కు లాటుల టేబుల్‌ను లెఫ్ట్ జాయిన్‌తో (జత దొరకని రైతులనూ ఉంచే కలయికతో) కలిపి, కుడివైపు టేబుల్ మీది సాధారణ షరతును వేర్‌లో పెడితే లాటులు లేని రైతులు జారిపోతారు. ఆ షరతు జాయిన్‌లోని ఆన్ భాగంలో ఉండాలి.

ఉన్న వరుసను మార్చే అప్‌డేట్ కూడా ఖాళీగా ముగియవచ్చు. సరుకు విడుదల నమోదు చేసే అప్‌డేట్‌కు సున్నా వరుసలు తగిలితే, విడుదల అయినట్టు రసీదు ముద్రించకుండా ట్రాన్సాక్షన్‌ను (ఒక్కటిగా జరగవలసిన మార్పుల సమూహాన్ని) వెనక్కి తీసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మామూలుగా నిజంగా మారిన వరుసలనే లెక్కపెడుతుంది కనుక, పాత విలువనే మళ్లీ రాసినా సున్నా రావచ్చు. దాని జావా డ్రైవర్ మాత్రం మామూలుగా షరతుకు దొరికిన వరుసల లెక్క చెబుతుంది. మీ డ్రైవర్ ఏది చెబుతుందో ముందే పరీక్షించి తెలుసుకోవాలి. అలాగే లాటు లేదని చూసుకుని ఆ వెంటనే కొత్తది చేర్చే కోడ్‌లో, ఆ రెండింటి మధ్య పక్క కౌంటర్ గుమస్తా అదే నంబరు చేర్చే వీలుంది. లాటు నంబరుపై యూనిక్ (ఒకే నంబరు రెండోసారి రాకూడదనే) నిబంధన పెట్టి, చేర్చడం విఫలమైతే అప్పుడు పాతదాన్ని చదవడం సురక్షితం.

ఇవన్నీ రాశాక ఒక్క రైతు, ఒక్క లాటు కూడా లేని కొత్త డేటాబేస్ మీద సాఫ్ట్‌వేర్‌ను నడిపి, ప్రతి తెరనూ, ప్రతి రిపోర్టునూ ఒకసారి తెరిచి చూడాలి. సీజన్ మొదటి రోజున గిడ్డంగి గుమస్తాకు కనిపించేది అదే స్థితి.