క్లీనింగ్ వ్యాన్‌లో నీళ్ల ట్యాంకు: తేడా ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

ఇళ్ల దగ్గరకే వెళ్లి కార్లు కడగడం, సంపులు శుభ్రం చేయడం మా పని. వైజాగ్‌లో చిన్న గూడ్స్ బండి మీద నడుపుతున్నాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏ ఇబ్బంది వచ్చినా ముందు మోటారు విప్పుతారు. చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. తప్పు ట్యాంకులోనో, దాన్ని పెట్టిన తీరులోనో ఉంటుంది.

మలుపులో బండి ఒరుగుతోంది, బ్రేకు వేస్తే ముందుకు తోస్తోంది

ముందు దీని సంగతే చూడండి, ఇది ప్రాణాల మీదికి వచ్చే సమస్య. లీటరు నీళ్లు అంటే కిలో బరువు. 500 లీటర్లంటే అర టన్ను, అదీ కదిలే బరువు. ట్యాంకు నిండుగా ఉంటే నీళ్లు కదలడానికి చోటుండదు. సగం ఉన్నప్పుడే భయం. మలుపు తిరగ్గానే నీళ్లు ఒక పక్కకు చేరతాయి, బండి సర్దుకునేలోపే తిరిగి రెండో పక్కకు కొడతాయి.

మేం మొదట మేడల మీద పెట్టే నిలువు గుండ్రటి ట్యాంకే కొన్నాం. ఒకరోజు సగం నీళ్లతో హనుమంతవాక నుంచి ఎండాడ వైపు వెళ్తుంటే ఆవు అడ్డం వచ్చింది. స్టీరింగ్ పక్కకు తిప్పాను. బండి ఒరిగిన తీరుకు పక్క సీట్లో ఉన్న మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ట్యాంకు దింపేశాం. అలాంటివి కదలకుండా ఒకచోట ఉండటానికి చేసినవి, రోడ్డు మీద ఊగడానికి కాదు.

ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, లోపల అడ్డుపలకలున్న ట్యాంకు తీసుకోండి. అది దొరక్కపోతే పెద్దది ఒకటి బదులు చిన్నవి రెండు పెట్టండి. ఒకటి క్యాబిన్ గోడకు ఆనించి, రెండోది దాని వెనక. రెండూ వెనక యాక్సిల్‌కు ముందే ఉండాలి. యాక్సిల్ దాటి వెనక్కి బరువు పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్‌కు పట్టు తగ్గుతుంది. రెండు ట్యాంకుల మధ్య వాల్వ్ పెట్టి, వెనకదాన్ని ముందు పూర్తిగా వాడేయండి. పని అయ్యాక పావు ట్యాంకు నీళ్లు మిగిలితే అక్కడి మొక్కలకు పోసి రండి.

సైజు విషయంలో ఆశ పడొద్దు. ఆర్‌సీలో బండి ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు రెండూ ఉంటాయి. రెండింటి తేడాలోంచి మనుషులు, జనరేటర్, ప్రెషర్ వాషర్ (నీళ్లు జోరుగా కొట్టే యంత్రం), పైపులు, ట్యాంకు సొంత బరువు తీసేయండి. మిగిలిందే నీళ్లకు. నిమిషానికి 6 లీటర్లు కొట్టే వాషర్‌ను ఒక కారుకు 8 నిమిషాలు వాడితే 48 లీటర్లు. అంటే 300 లీటర్లతో ఆరు కార్లు అవుతాయి. మా పనికి అంతకన్నా పెద్దది అవసరం రాలేదు.

ట్యాంకు పక్కలు లోపలికి ముడుచుకుంటున్నాయి, ధార ఆగి ఆగి వస్తోంది

మూత కొంచెం వదులు చేయండి. ధార వెంటనే సరయితే కారణం దొరికినట్టే. పంపు 15 లీటర్ల నీళ్లు లాగితే అంత గాలి లోపలికి రావాలి. దారి లేకపోతే ట్యాంకు నలుగుతుంది, పంపు ఆయాసపడుతుంది. అలాగని మూతకు చిల్లు పెడితే దారిలో నీళ్లు చిమ్ముతాయి. పై భాగంలో గాలి పైపు బిగించి, బాగా ఎత్తుకు తీసుకెళ్లి, కొస కిందికి వంచి దోమజాలీ కట్టండి.

మూత తీసినా మారకపోతే పంపుకు ముందున్న పైపు చూడండి. మెత్తటి తోట పైపు లాగుడుకు అతుక్కుపోతుంది. లోపల తీగ చుట్టిన పైపు, పంపు నోటి సైజుకు తగ్గకుండా వేయండి. ఇంకో చిక్కుంది. ఈ వైపు క్లిప్పు వదులైతే, పంపు నడుస్తున్నప్పుడు బయటికి చుక్క పడదు, గాలే లోపలికి పోతుంది. పంపు ముందు జానెడు పారదర్శక పైపు ముక్క పెడితే బుడగలు కళ్లముందే కనిపిస్తాయి. నీళ్లు అడుగంటినప్పుడే ఇలా అవుతుంటే, బండి ఎత్తుపల్లాల్లో నిలబడి నిపుల్ (ట్యాంకులోంచి నీళ్లు బయటికి వచ్చే చోట బిగించే ముక్క) వైపు నీళ్లు చేరట్లేదన్నమాట.

పంపు నీరసంగా తిరుగుతోంది

12 వోల్టుల పంపుకైతే మీటరు పెట్టి, అది నడుస్తున్నప్పుడు దాని దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరం, అంటే రానుపోను 10 మీటర్ల వైరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.8 వోల్టులు వైరులోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు లోపే. వైరు మార్చి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టండి.

నిపుల్ దగ్గర కారుతోంది, అడుగున పగులు కనిపిస్తోంది

టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా వారంలో మళ్లీ కారుతోందంటే, ట్యాంకుకు నేరుగా గట్టి పీవీసీ పైపు బిగించి ఉంటారు. బండి కుదుపంతా నిపుల్ మీదే పడుతుంది. అక్కడ మూరెడు రబ్బరు పైపు వేసి, పంపును విడిగా బిగించండి. నిపుల్ దగ్గరి రబ్బరు వాషర్ కొత్తది వేయండి.

అడుగు పగలడానికి కారణం గూడ్స్ బండి తొట్టిలో ఉండే గాడులు. బరువంతా వాటి మధ్య గట్ల మీదే నిలుస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, పైన రబ్బరు మ్యాటు వేసి కూర్చోబెట్టండి. పగిలినదాన్ని ఎపాక్సీ ముద్దతో పూడ్చొద్దు. ఈ ప్లాస్టిక్‌కు అది అంటుకోదు. ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించండి, లేదా మార్చేయండి.

బెల్టులు వదులవుతున్నాయి, ట్యాంకు జరుగుతోంది

గట్టిగా బ్రేకు వేస్తే 500 కిలోల నీళ్లు దాదాపు 400 కిలోల బలంతో ముందుకు తోస్తాయి. దానికి ముందే మీరు కూర్చుని ఉంటారు. బెల్టులు ఒక్కటే చాలవు. చుట్టూ ఇనుప యాంగిల్ ఫ్రేము చేయించి, రేకుకు కాకుండా కింది ఛాసిస్ అడ్డకమ్ములకు బోల్టులతో బిగించండి. బెల్టులు ఫ్రేములో ట్యాంకును పట్టి ఉంచడానికే. చిల్లు వేసే ముందు బండి కిందికి దూరి బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైర్లు ఎక్కడున్నాయో చూడండి. వెల్డింగ్ చేయిస్తుంటే ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. సీట్లు తీసి ట్యాంకు పెట్టాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పుల గురించే.

నీళ్లు వాసన, కార్ల మీద తెల్ల మచ్చలు

వాసనకు కారణం పాచి. తెల్ల ట్యాంకులోకి వెలుతురు వెళ్తుంది కాబట్టి నల్లది మేలు. అట్టడుగున డ్రెయిన్ వాల్వ్ ఉంటే కడగడం సులువు. మచ్చలు మాత్రం ట్యాంకు తప్పు కాదు, బోరు నీళ్లలోని లవణాలు. చివరి తడుపుకు ఆర్వో నీళ్లు 20 లీటర్ల క్యానులో తీసుకెళ్లండి.

కొత్తగా బిగించిన బండి అయితే మొదటి వారం రోజూ బోల్టులు తిప్పి చూడండి, తర్వాత నెలకోసారి. మా సముద్రపు గాలికి గాల్వనైజ్ చేయని బోల్టు చూస్తుండగానే తుప్పు పడుతుంది.