ఎన్-బ్యాక్ స్కోరు పడిపోతే ముందు నిద్ర, గోలీల లెక్క చూడండి

డ్యూయల్ ఎన్-బ్యాక్ ఒక జ్ఞాపకశక్తి ఆట. తెర మీద గడి, చెవికి అక్షరం ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి; 2-బ్యాక్‌లో రెండు గుర్తుల వెనకటిది, 3-బ్యాక్‌లో మూడు గుర్తుల వెనకటిది మళ్లీ వస్తే నొక్కాలి. నిన్న 3-బ్యాక్‌లో 78 శాతం వచ్చింది, ఇయ్యాల 52కి దిగింది. గ్రూప్స్‌కు చదువుతూ పక్కన డ్యూయల్ ఎన్-బ్యాక్ ఆడేవాళ్లు ఇక్కడే కంగారు పడి లెవెల్ మార్చేస్తారు, లేదంటే ఆటే మానేస్తారు. రెండూ తొందరపాటే. ఎవరైనా ఫోన్ నంబరు చెప్తుంటే, పెన్ను దొరికేదాకా దాన్ని తలలో పట్టుకుని ఉంచేదే వర్కింగ్ మెమరీ. నిద్ర తక్కువైనా, మత్తు గోలీ పడినా ముందుగా జారేది ఆ పట్టే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఆటతో పెరిగేది ఎక్కువగా ఈ ఆటలోని నైపుణ్యమే. తెలివి కూడా పెరుగుతుందని 2008లో ఒక పరిశోధన చెప్పింది కానీ, తర్వాత చేసిన చాలామందికి ఆ ఫలితం రాలేదు. పాలిటీ చదవాల్సిన గంటను దీనికి ఇవ్వకండి. రోజుకు 25 నిమిషాలు చాలు.

మొదటి పది రోజులు ఈ పద్ధతిని మార్చొద్దు. 2-బ్యాక్‌తో మొదలుపెట్టి, గుర్తుకు గుర్తుకు మధ్య 3 సెకన్లు పెట్టుకుని, రోజూ ఒకే టైముకు 15 నుంచి 20 రౌండ్లు ఆడండి. రౌండులో 80 శాతం దాటితే లెవెల్ పెంచాలి. వరుసగా మూడు రౌండ్లు 50 లోపు వస్తే దించాలి. మొదటి రెండు రౌండ్లను లెక్కలో కలపకండి, అవి చెయ్యి తిరగడానికే. రోజులో వచ్చిన గొప్ప స్కోరు కాకుండా మిగతా రౌండ్ల సగటు రాయండి. నోట్‌బుక్‌లో రోజుకొక్క వరస సరిపోతుంది. ఉదాహరణకు ఇలా: "12వ తేదీ. పడక 12.10, లేచింది 5.40. రాత్రి 10కి జలుబు గోలీ. పొద్దున ఒక టీ. ఆట 7.00, 3-బ్యాక్, 54." ఇలాంటి వరస ఒక్కటి చూస్తే చాలు, బుర్రను తిట్టుకోవాల్సిన పని ఉండదు.

ఆరు గంటల నిద్ర చాలనుకోవడమే పెద్ద మోసం. వరుసగా 14 రోజులు ఆరేసి గంటలే పడుకున్నవాళ్లను 2003లో అమెరికాలో పరీక్షిస్తే, చివరికి వాళ్ల పనితనం ఒకట్రెండు రాత్రులు అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి దిగింది. వాళ్లకు మాత్రం కొంచెం నిద్రమబ్బుగా ఉన్నట్టే అనిపించింది. అందుకే "నాకేం అనిపిస్తలేదు" అన్న మాటను నమ్మకండి, నోట్‌బుక్‌ను నమ్మండి. పెద్దవాళ్లకు ఏడు గంటలు తగ్గకూడదు, ఇంటర్ పిల్లలకు ఎనిమిది.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో చిక్కు వేరే ఉంటుంది. ఒళ్లు కాస్త చల్లబడితే తప్ప గాఢనిద్ర పట్టదు. మిద్దె పగలంతా కాగి, అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. పొద్దుగూకగానే మిద్దె మీద నీళ్లు చల్లి, స్నానం చేసి, దోమతెర కట్టుకుని పదికల్లా పైన పడుకోండి. ఆలస్యం చేస్తే లాభం లేదు, ఐదున్నరకే వెలుతురు లేపేస్తుంది. కళ్ల మీద తువ్వాల వేసుకుంటే ఇంకో అరగంట కలిసొస్తుంది.

లేచిన గంటలోపు ఆడిన స్కోరును లెక్కలోకి తీసుకోవద్దు, మబ్బు పూర్తిగా విడవదు. మధ్యాహ్నం కునుకు 20 నిమిషాలే, అలారం పెట్టుకుని తీయండి. ముప్పావు గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేచి ఇంకా మొద్దుగా ఉంటారు. మిర్యాలగూడ రైసుమిల్లులో నైట్ డ్యూటీ చేసి వచ్చేవాళ్లు ముందు నిద్రపోయి, లేచాక గంటకు ఆడాలి. టీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రం నాలుగు దాటాక టీ బంద్.

ఇక గోలీలు. జలుబు గోలీ కొంటే షీటు వెనక చదవండి. క్లోర్‌ఫెనిరమైన్ అని ఉంటే, రాత్రి వేసుకున్నది మర్నాడు పొద్దున కూడా ఒంట్లో ఉంటుంది. అవిల్ కూడా ఈ కోవలోదే. సెట్రిజిన్‌తో మత్తు తక్కువే కానీ కొందరికి బాగానే తెలుస్తుంది. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు పోదు. ఏడాది పొడవునా తుమ్ములతో బాధపడేవాళ్లు దీని గురించి డాక్టరును అడగాలి. మైగ్రేన్‌కు, ఫిట్స్‌కు ఇచ్చే టోపిరమేట్‌తో మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, ఎన్-బ్యాక్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్ మబ్బు పొద్దున దాకా సాగుతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గోలీని మాపటికి వేసుకుంటే నిద్ర చెడుతుంది, అందుకే దాన్ని మామూలుగా పొద్దున రాస్తారు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 తగ్గి మతిమరుపు రావచ్చు, ఒకసారి రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్ గోలీని పరగడుపునే వేసుకుని, టీకి ముందు కనీసం అరగంట ఆగాలి. టీతో కలిపి మింగితే మందు సరిగా ఎక్కదు, మందకొడితనమూ పోదు.

ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస నిలవని సమస్యకు, డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ రాసి ఉంటే, మామూలు రకం పని మూడు నాలుగు గంటలే ఉంటుంది. గోలీ వేసుకున్నాక గంట గంటన్నరకు, రోజూ అదే ఎడంతో ఆడండి. ఒకరోజు గోలీ మీద, ఇంకోరోజు గోలీ లేకుండా ఆడిన స్కోర్లను పోల్చితే ఆ తేడా గోలీదే, సాధనది కాదు. దోస్తు దగ్గర నిద్ర ఆపే మొడాఫినిల్ గోలీ తీసుకుని రాత్రంతా చదవడం మాత్రం వద్దు. ఒంట్లో సగం తగ్గడానికి దానికి పన్నెండు గంటలకు పైనే పడుతుంది, మరుసటి రాత్రి నిద్ర కూడా పోవచ్చు.

ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి మత్తు గోలీలు కొత్త సంగతి మెదడులో నాటుకోకుండా చేస్తాయి. ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు సంగతి పాలమూరులో కొత్తగా చెప్పనక్కర్లేదు. రోజూ ఆ కల్లు తాగేవాళ్లయినా, ఏళ్లుగా ఈ గోలీ వేసుకునేవాళ్లయినా స్కోరు కోసమని ఒక్కసారిగా బంద్ పెట్టకూడదు. చేతులు వణకడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ దాకా పోతుంది. నెమ్మదిగా తగ్గించే పని మానసిక వైద్యుడిది. ఫోన్‌లో అడగాలంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

డాక్టరు రాసిన గోలీని ఆట కోసం మార్చకండి, ఆట టైమును గోలీకి తగ్గట్టు మార్చుకోండి. ఏ మార్పయినా ఒకసారికి ఒక్కటే: ఈ వారం నిద్ర సరిచేస్తే, టీ సంగతి వచ్చే వారం. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల స్కోరు లేచిందో తెలియదు. రెండు వారాలు ఏడు గంటలు పడుకుని, జలుబు గోలీ లేకుండా ఆడినా సగటు కిందికే పోతుంటే, ఆ నోట్‌బుక్ తీసుకుని దవాఖానకు పొండి. రక్తం, థైరాయిడ్, బి12, రాత్రి గురక, మనసు కుంగడం, ఇవన్నీ డాక్టరు అడిగే ప్రశ్నలే. పడక టైములు, గోలీల పేర్లు రాసి ఉంటే ఆయన పని సగం తేలికవుతుంది.