సర్వర్‌లో ఎక్సెప్షన్ వస్తే క్లయింట్ కోడ్ ఏం చెయ్యాలి

పలాస జీడిపప్పు అమ్మే వెబ్ అప్లికేషన్ ఒకటి ఉందనుకోండి. విజయనగరంలో ఒకావిడ ఫోన్‌లో పది కిలోలకు ఆర్డర్ నొక్కింది. సర్వర్‌లో డేటాబేస్ కనెక్షన్ తెగి ఎక్సెప్షన్ (ప్రోగ్రాం నడుస్తుండగా ఎదురైన లోపం) వచ్చింది. ఆ ఎక్సెప్షన్ ఆవిడ బ్రౌజర్ దాకా రాదు. వచ్చేది 500 (సర్వర్ లోపలి తప్పు) అనే స్టేటస్ కోడ్, వెంట కాస్త టెక్స్ట్, అంతే. ఆర్డర్ పడిందా, పడలేదా, తెలియదా? ఈ మూడింటిలో ఏదో తేల్చి ఆవిడకు చెప్పాల్సింది క్లయింట్ కోడే.

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. బ్రౌజర్ నుంచి సర్వర్‌కు రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ ఫెచ్, 404కి (అడిగింది దొరకలేదు) గానీ 500కి గానీ ఎర్రర్ విసరదు. నెట్ తెగినా, కార్స్ (వేరే డొమైన్ రెస్పాన్స్‌ను మన కోడ్ చదవొచ్చా అని బ్రౌజర్ చూసే నియమం) అడ్డుపడినా, మనమే రిక్వెస్ట్ ఆపినా మాత్రమే ఫెచ్ ఇచ్చే ప్రామిస్ రిజెక్ట్ అవుతుంది, అంటే ఎర్రర్‌గా మారుతుంది. అందుకే ట్రై, క్యాచ్ రాసి ఊరుకుంటే 500 వచ్చినా 'ఆర్డర్ అయింది' అని చూపించే ప్రమాదం ఉంది. ఫెచ్‌ను నేరుగా ఎక్కడా పిలవకుండా దాన్ని లోపల పెట్టుకున్న ఒకే రాపర్ ఫంక్షన్ రాయండి. అందులో రెస్పాన్స్‌కున్న 'ఓకే' ప్రాపర్టీ చూడండి. స్టేటస్ 200 నుంచి 299 మధ్య ఉంటేనే అది ట్రూ. కాకపోతే స్టేటస్, సందేశం, రిక్వెస్ట్ ఐడీ కలిపి మీ సొంత ఎర్రర్ క్లాస్‌తో త్రో చెయ్యండి.

బాడీ చదివేటప్పుడు జాగ్రత్త. 502 (వెనకున్న సర్వర్ సరిగా జవాబివ్వలేదు) తరచుగా మీ అప్లికేషన్ నుంచి కాక, దాని ముందున్న ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ నుంచి వస్తుంది. అది పంపేది హెచ్‌టీఎంఎల్ పేజీ. దాన్ని జేసన్‌గా (డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) చదవబోతే 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అని కొత్త ఎర్రర్ లేచి అసలు తప్పును మింగేస్తుంది. బాడీని ఒక్కసారే చదవగలం కాబట్టి ముందు టెక్స్ట్‌గా తీసుకుని, కంటెంట్ టైప్ జేసన్ అయితేనే పార్స్ చెయ్యండి. సర్వర్ కూడా మీ చేతిలోదే అయితే ఎర్రర్లన్నీ 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9457 అనే ప్రమాణం చెప్పిన రూపంలో పంపించండి, క్లయింట్ పని సగం తగ్గుతుంది.

422 (పంపిన వివరాల్లో తప్పుంది) వస్తే తప్పున్న గడి పక్కనే సందేశం పెట్టండి. 401 (లాగిన్ కాలేదు) అయితే ఫారంలో నింపినవి దాచి లాగిన్‌కు పంపండి. 403ని (అనుమతి లేదు) అలా పంపకండి, లాగిన్ అయినా మళ్లీ 403 వచ్చి మనిషి అక్కడే తిరుగుతాడు. 429 (మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు) వస్తే రిట్రై ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగాలి. అది సెకన్లలో ఉండొచ్చు, తేదీగానూ ఉండొచ్చు. సర్వర్ వేరే డొమైన్‌లో ఉంటే ఆ హెడర్‌ను ఎక్స్‌పోజ్ చెయ్యమని కార్స్ సెట్టింగ్‌లో రాయకపోతే మీ కోడ్‌కు అసలు కనపడదు.

అన్నిటికన్నా కష్టం 504, అంటే టైమౌట్: సమయానికి జవాబు రాకపోవడం. క్లయింట్ విసిగి ఆపేసినంత మాత్రాన సర్వర్ పని ఆగదు. ఆర్డర్ పడిపోయి ఉండొచ్చు. ధరల జాబితా లాంటివి చదవడానికే పంపే గెట్ రిక్వెస్ట్‌లను 502, 503 (సర్వర్ తాత్కాలికంగా అందుబాటులో లేదు), 504లకు 1, 2, 4 సెకన్ల తేడాతో మూడుసార్లు మళ్లీ పంపొచ్చు. అందరి ఫోన్లూ ఒకే క్షణంలో సర్వర్ మీద పడకుండా ఆ విరామానికి కొంత ర్యాండమ్ సమయం కలపండి. ఆర్డర్ పంపే పోస్ట్ రిక్వెస్ట్‌ను మాత్రం ఐడెంపొటెన్సీ కీ (ఇది అదే ఆర్డర్ అని సర్వర్ గుర్తుపట్టే కోడ్) లేకుండా మళ్లీ పంపకండి, ఇరవై కిలోలు ఇంటికొస్తాయి. మొదటిసారి నొక్కినప్పుడే ఆ కీగా ర్యాండమ్ యూయూఐడీ (మరొకదానితో కలవని పొడవాటి ఐడీ) తయారుచేసి, ఆ ఆర్డర్ తేలేదాకా అదే పంపండి. సర్వర్ దాన్ని, ఒకే విలువను రెండుసార్లు రానివ్వని యూనిక్ ఇండెక్స్‌తో దాచాలి. క్రిప్టో ర్యాండమ్ యూయూఐడీ ఫంక్షన్ హెచ్‌టీటీపీఎస్‌లో, లోకల్‌హోస్ట్‌లోనే ఉంటుంది. ఆఫీసు వైఫైలో ఐపీ అడ్రస్ కొట్టి ఫోన్‌లో పరీక్షిస్తే దొరకదు.

తెర మీద 'ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్' అని వదిలెయ్యకండి. 'ఆర్డర్ చేరిందో లేదో ఇంకా తెలియలేదు. మళ్లీ నొక్కండి, రెండోసారి నమోదు కాదు' అని రాయండి. కింద రిక్వెస్ట్ ఐడీలో చివరి ఆరు అక్షరాలు చూపిస్తే ఫోన్‌లో చదివి చెప్పగలరు, లాగ్‌లో వెతకడానికి మీకూ వీలు. రిక్వెస్ట్ పంపేటప్పుడు డిసేబుల్ చేసిన బటన్‌ను, ట్రై ఎలా ముగిసినా నడిచే ఫైనల్లీలోనే తిరిగి తెరవండి.

బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో ఆఫ్‌లైన్ పెట్టి చూడటం చాలదు, అది నెట్ తెగిన సందర్భం ఒక్కటే. టెస్ట్ సర్వర్‌లో ఆర్డర్ సేవ్ చేసి ఆ తర్వాత 30 సెకన్లు నిద్రపోయే రూట్ ఒకటి పెట్టండి. క్లయింట్ టైమౌట్ 10 సెకన్లు. మూడుసార్లు నొక్కి టేబుల్ తెరవండి: ఒకే వరస ఉండాలి.