హైట్ పెంచని పికప్‌కి షాకులు మారుస్తున్నారా? ముందు టేపు పట్టుకోండి

ఈమధ్య ఒక పికప్ చూశాను. వెనక షాకబ్జార్బర్ పై బ్రాకెట్ ఛాసిస్ నుంచి చీలిపోయి వేలాడుతోంది, పక్కనే ఉన్న బ్రేకు గొట్టం తెగకపోవడం ఆ బండివాళ్ల అదృష్టం. షాకులు కొత్తవి, ఖరీదైనవి, స్టిక్కరు కూడా చెరగలేదు. బండి మాత్రం కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉంది, ఒక్క అంగుళం కూడా లేపలేదు. డబ్బా మీద చూస్తే రెండు మూడు అంగుళాలు లేపిన బండికి వేసే సైజు. ఇదే తప్పు చాలామంది బళ్లలో చూస్తున్నాను కాబట్టి గతుకుల దారి పట్టేముందు ఇది చదవండి.

కొనేముందు

షాకు బరువు మోయదు. మోసేది స్ప్రింగు, వెనకైతే కమాన్ కట్టలు. ఆ స్ప్రింగు ఊపును అణచడమే షాకు పని. లోపల పిస్టన్ నూనెలో కదులుతుంటే సన్నని వాల్వుల గుండా నూనె దూరి, ఊపంతా వేడిగా మారుతుంది. లోడు వేస్తే వెనక కుంగిపోతోందని షాకులు మార్చేవాళ్లు కట్టల సంగతి చూసుకోవాలి, షాకుతో అది తీరదు.

చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు దాన్ని ఆపాల్సింది బంప్ స్టాప్ రబ్బరు. ఎత్తు పెంచని బండికి పొడుగు షాకు వేస్తే, రబ్బరు తగలకముందే షాకు పూర్తిగా ముడుచుకుపోతుంది. ఇక గుంతలో పడ్డ దెబ్బంతా షాకు రాడ్డు మీద, బోల్టు మీద, బ్రాకెట్ మీద పడుతుంది. సీలు పోతుంది, రాడ్డు వంగుతుంది, చివరికి బ్రాకెట్ చీలుతుంది. "పొడుగుంటే ట్రావెల్ (చక్రం కిందా మీదా కదిలే దూరం) ఎక్కువ కదా" అంటారు. లేపిన బండికి ఎక్కువే. మీ బండికి మాత్రం ఆ పొడవు చక్రం పైకి లేవాల్సిన చోటును తినేస్తుంది.

అందుకే కొలవండి. బండిని సమంగా ఉన్న చోట, చక్రాల మీదే నిలిపి, షాకు పై బుష్ (బోల్టు దూరే రబ్బరు రింగు) మధ్య నుంచి కింది బుష్ మధ్య దాకా ఎంతుందో రాసుకోండి. ఉదాహరణకు 500 మి.మీ. అనుకుందాం. బంప్ స్టాప్‌కీ అది తగిలే చోటుకీ మధ్య ఖాళీ 90 అనుకుందాం. రబ్బరు ఎత్తు 60 ఉంటే గట్టి దెబ్బకు సగమైనా నలుగుతుంది, అంటే ఇంకో 30. 500 లోంచి 120 తీసేస్తే 380. కొత్త షాకు పూర్తిగా ముడిచినప్పటి పొడవు దీనికంటే తక్కువే ఉండాలి, కనీసం ఓ 15 మి.మీ. తేడా ఉంచుకోండి. ఒక్క చక్రమే రాయి మీదకు ఎక్కినప్పుడు ఇరుసు వాలిపోయి ఆ వైపు షాకు ఇంకాస్త ఎక్కువ నలిగే బళ్లున్నాయి, అలాంటప్పుడు ఆ 15 కూడా చాలకపోవచ్చు. పైన నిలువు బోల్టుతో బిగించే రకమైతే కేటలాగులో పొడవును ఎక్కడి నుంచి కొలిచారో చూసుకోండి, చాలామంది అక్కడే తప్పు లెక్క వేస్తారు. ఈ లెక్క వెనక ఇరుసుకే. ముందువైపు చాలా పికప్‌లలో షాకు, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ మధ్యలో బిగుస్తుంది కాబట్టి చక్రం కదిలినంత అది కదలదు, అక్కడ కంపెనీ ఎత్తుకని స్పష్టంగా రాసిన షాకే తీసుకోండి.

ముందువైపు షాకు పొడవెక్కువైతే ఇంకో రకం నష్టం కూడా ఉంది. చాలా పికప్‌లలో ముందు చక్రం మరీ కిందకు జారకుండా ఆపేది ఆ షాకే. అది పొడుగైతే ఆర్మ్‌నీ చక్రాన్నీ కలిపే బాల్ జాయింట్ తిరగగలిగే అంచుకు వచ్చేస్తుంది, పై ఆర్మ్ స్ప్రింగుకు తగులుతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే యాక్సిల్ బూటు (కీలు మీది రబ్బరు తొడుగు) చిరుగుతుంది.

రకం సంగతి క్లుప్తంగా: అలలు అలలుగా లేచిన మట్టిరోడ్డు మీద గంటల తరబడి పోయేవాళ్లకు మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే షాకు) మంచిది. అందులో గ్యాసు, నూనె వేరుగా ఉంటాయి కాబట్టి నూనె నురగెక్కదు, వేడి కూడా త్వరగా బయటికి పోతుంది. కానీ దాని పిస్టన్ బయటి గొట్టాన్నే రాసుకుంటూ కదులుతుంది, రాయి తగిలి సొట్ట పడితే ఇక అంతే. ఎక్కువగా ఖాళీ బండే తిప్పేవాళ్లు మరీ గట్టివి కొనొద్దు, వెనక చక్రం నేలను పట్టుకోకుండా ఎగురుతుంది.

బిగించేటప్పుడు

ముందువైపు స్ప్రింగు, షాకు కలిసి ఉండే రకమైతే పైన నడిమధ్యలో ఉండే నట్టు జోలికి పోవద్దు. స్ప్రింగును కంప్రెసర్‌తో పూర్తిగా అదిమిపట్టకుండా ఆ నట్టు విప్పితే మొత్తం ఎగిరి ముఖానికో చేతికో తగులుతుంది, ప్రాణం పోయేంత బలం ఉంటుంది దాంట్లో. అదిమిపట్టే పరికరం సరైనది లేకపోతే షెడ్డుకి ఇవ్వండి. ఈ ఒక్క పనికీ మొండితనం వద్దు.

వెనక షాకు విప్పేముందు ఇరుసు కింద జాకీ ఆనించండి. షాకు ఊడగానే ఇరుసు కిందికి జారి బ్రేకు గొట్టాన్నీ, ఏబీఎస్ వైరునూ లాగేస్తుంది.

రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించొద్దు. బండిని నేల మీదకు దించి, బరువు పడ్డాకే టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) బిగించండి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది.

మిగతావి:

- పాత బోల్టులు తుప్పు పట్టి ఉంటే ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.
- రాడ్డును ప్లయర్‌తో పట్టుకోవద్దు. చిన్న గీత చాలు, సీలు పోతుంది.
- గ్యాసు షాకును ముడిచి ఉంచే పట్టీని, షాకు బిగించేదాకా కోయొద్దు, కోసేటప్పుడు వేళ్లు దూరంగా పెట్టండి.
- గ్యాసు షాకును వేడిచేయడం, దాని మీద వెల్డింగ్ చేయడం, కోయడం వద్దే వద్దు. పాతదైనా సరే.
- ఎడమా కుడీ రెండూ మార్చాలి. ఒక్కటే మార్చొద్దు.
- నలిగిపోయిన, చీలిన బంప్ స్టాపులు ఇప్పుడే మార్చండి. అవి లేకుండా ఏ షాకూ నిలవదు.
- బంప్ స్టాప్ కోసి పొట్టి చేయమనేవాడి మాట వినొద్దు.
- ముందువైపు షాకులు మార్చాక చక్రాల అలైన్‌మెంట్ చూపించండి.
- దూరప్రయాణానికి ముందు దగ్గర్లో ఓ రోజు తిప్పి, బోల్టులన్నీ మళ్లీ రెంచ్‌తో చూసుకోండి.
- పొడవు కొలిచారా? కొలవకుండా "మీ మోడల్‌కి సరిపోతుంది" అన్న మాట మీద కొనేసి ఉంటే డబ్బా విప్పకముందే కొలవండి.
- బిగించాక రాడ్డు కనిపించే రకమైతే దాని మీద సన్నని జిప్ టై, జరిగేంత వదులుగా కట్టండి. అది కిందా మీదా నలగకుండా చూసుకుని, గతుకుల మీద నెమ్మదిగా ఓ చుట్టు తిప్పి రండి. టై రాడ్డు చివరిదాకా పోయి ఉంటే షాకు పూర్తిగా ముడుచుకుని అడుగు తగులుతోందని అర్థం. స్పీడు తగ్గించుకుని నెట్టుకొద్దాం అనుకోవద్దు. తీసేయండి, సరైన పొడవుది వేయండి, అప్పటిదాకా ఆ దారి పట్టొద్దు.