పేచీకోరు పిల్లికి కిడ్నీ జబ్బొస్తే: తిండి, మాత్రలు, ఇంట్లోనే సెలైన్

మా పిల్లి దొరసానికి పన్నెండేళ్లు. హైదరాబాద్ వారాసిగూడలో మేముండే రెండో అంతస్తు ఇంట్లో, నా కుట్టు మిషను పక్కనున్న గుడ్డపేలికల బుట్ట దాని స్థానం. పోయినసారి రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టాల్సిన ఒక మలినం, 3.4 వచ్చింది. పిల్లుల కిడ్నీ జబ్బును నాలుగు దశలుగా చెప్తారు. క్రియాటినిన్ 2.9 నుంచి 5 దాకా ఉంటే మూడోది. పాడైన కిడ్నీ మళ్లీ బాగవదు. మిగిలిన భాగాన్ని కాపాడుకుంటూ పోతే మాత్రం ఇలాంటి పిల్లులు కొన్నేళ్లు హాయిగానే తిరుగుతాయి.

పరీక్షలు, మోతాదులు డాక్టరమ్మ చూసుకుంటుంది. ఇంట్లో మనకుండే తలనొప్పి వేరు. ఇది గిన్నె మారితే తినదు, నిన్నటి చేప ఇవాళ ముట్టదు, మాత్ర వాసన తగిలిందా పూటంతా అలుగుతుంది. అందుకని నేను పెట్టుకున్న నియమం ఒకటే: తిండి గిన్నె జోలికి మందు పోకూడదు. ఇష్టమైన చికెన్‌లో చేదు మాత్ర పొడి చేసి కలిపితే మందూ తినదు, ఆ తర్వాత చికెనూ తినదు. మందుకు వేరే చోటు, వేరే వేళ. తిండి పెట్టే వంటింటి గుమ్మం దగ్గర సిరంజి కూడా కనపడనివ్వను.

పస్తును తేలిగ్గా తీసుకోకండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి అదొక కొత్త జబ్బవుతుంది, లావు పిల్లులకు మరీను. ఆకలేస్తే అదే తింటుందిలే అనే మాట వీటి దగ్గర పనికిరాదు. ఒక రోజు పూర్తిగా తినలేదంటే ఫోన్ చెయ్యాల్సిందే.

ఇక పేచీ సంగతి. మనం పేచీ అనుకునేదాంట్లో చాలా భాగం వికారం. కిడ్నీలు వడకట్టాల్సిన మలినాలు రక్తంలో ఉండిపోయి కడుపులో తిప్పుతుంటుంది. గిన్నె దాకా ఆశగా వస్తుంది, వాసన చూస్తుంది, మూతి నాక్కుంటుంది, రెండు గుటకలు మింగుతుంది, తల పక్కకు తిప్పేసి వెళ్లిపోతుంది. మా అత్తగారైతే "దానికి ఒళ్లు పొగరే, రేపు చూడు" అనేవారు. ఇలా కనపడితే బ్రాండ్లు మారుస్తూ కూర్చోకుండా డాక్టర్‌కు ఈ మూతి నాకడం సంగతే చెప్పండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. మాకు వికారానికి మారోపిటాంట్, ఆకలికి మిర్టజాపిన్ రాశారు. మిర్టజాపిన్ మనుషులకు డిప్రెషన్‌కి వాడే మందే. దొరసానికి 7.5 ఎంజీ మాత్రలో పావు ముక్క, అదీ రోజు విడిచి రోజు. ఎక్కువ పడితే పిల్లి ఇల్లంతా తిరుగుతూ అరుస్తూనే ఉంటుంది, కాబట్టి నిన్న తినలేదని ఇవాళ ఇంకో పావు వెయ్యకండి. ఇది మా పిల్లి బరువుకీ, రిపోర్టులకీ రాసిన లెక్క, మీ చీటీ మీదున్నదే మీది. మా మెడికల్ షాపు కుర్రాడు చీటీ మీద "దొరసాని, ఆడ, 3.6 కేజీలు" అని చదివి ఇప్పటికీ నవ్వు ఆపుకోలేడు.

వికారం అదుపులోకి వచ్చాకే రీనల్ ఫుడ్, అంటే కిడ్నీ జబ్బు పిల్లుల కోసం చేసే తిండి, మొదలుపెట్టండి. కడుపులో తిప్పుతున్నప్పుడు కొత్త తిండి పెడితే, ఆ వికారాన్ని ఆ తిండికే అంటగట్టి జన్మలో ముట్టదు. రాయల్ కెనిన్ రీనల్, హిల్స్ కె/డి లాంటివి నగరంలో పెద్ద పెట్ షాపుల్లో దొరుకుతాయి. వీటిలో పాడైన కిడ్నీలకు భారమయ్యే భాస్వరం తక్కువ, మాంసకృత్తులు మితం. ఖరీదెక్కువ కాబట్టి ముందు చిన్న ప్యాకెట్టే కొనండి. పాత తిండిలో ఒక చెంచా కొత్తది, వారం పోయాక రెండు, అలా నెల పట్టినా తొందరేమీ లేదు. రెండూ కలిస్తే తినకపోతే పక్కపక్కన రెండు మూతల్లో పెట్టండి. చివరికి రీనల్ ఫుడ్ పూర్తిగా ఒప్పుకోకపోయినా కంగారొద్దు. మంచి తిండి తినకపోవడం కన్నా మామూలు తిండి తినడం మేలని మా డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది.

తడి తిండిని గోరువెచ్చగా పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాకు వాసన రాదు, వాసన రానిదాన్ని పిల్లి తిండిగా లెక్కెయ్యదు. గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో రెండు నిమిషాలుంచితే చాలు. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ఏమీ వెయ్యకుండా చికెన్ ఉడికించి ఆ నీళ్లు ఒక చెంచా పైన చల్లితే మా దొరసాని కనీసం కూర్చుని ఆలోచిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి మన కూరలో ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు. ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్ నుంచి కొర్రమేను తెచ్చినప్పుడు ముల్లు లేని ముక్క ఒకటి ఉడికించి, రీనల్ ఫుడ్ మీద చిటికెడు చిదుముతాను. తలకాయ, ముళ్లు పెట్టను, భాస్వరం ఎక్కువగా ఎముకల్లోనే ఉంటుంది. ఎండు చేపలు అసలే వద్దు, ఉప్పు.

మాత్ర వెయ్యడం చేతివాటం. మెడికల్ షాపులో మాత్రలు కోసే చిన్న డబ్బా దొరుకుతుంది, కొనుక్కోండి. కత్తిపీటతో పావు చేస్తే ఒక పావు పిండవుతుంది, ఇంకోటి ఫ్రిజ్ కిందికి పోతుంది. దొరసానిని మిషను బల్ల మీద కూర్చోబెట్టి, మెడ చుట్టూ పాత టవల్ బిగించి, వీపు నా పొట్టకు ఆనేలా పట్టుకుంటాను. ఎదురుగా నిలబడితే వెనక్కి జారిపోతుంది. ఎడమచేత్తో పైనుంచి తల పట్టుకుని, బొటనవేలు ఒక చెంపకూ నడిమి వేలు ఇంకో చెంపకూ పెట్టి ముక్కును కొంచెం పైకెత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. కుడిచేతి వేలితో కింది ముందుపళ్ల మీద నొక్కి తెరిచి, నెయ్యి పూసిన ముక్కను నాలుక వెనకభాగాన, మధ్యలో పడేసి నోరు మూసేయాలి. నాలుక బయటికొచ్చి ముక్కు నాకిందంటే మింగేసినట్టు. చేదు మరీ ఎక్కువైతే ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి వెయ్యొచ్చు. ముందు డాక్టర్‌నడగండి, అన్ని మందులకూ అది కుదరదు.

వెంటనే సూది లేని సిరంజితో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టండి. ఎండు మాత్ర పిల్లి గొంతుగొట్టంలో ఆగిపోయి లోపల పుండు చేస్తుంది, ముఖ్యంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. నీళ్లను తిన్నగా గొంతులోకి పిచికారీ కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అందుకే పక్కనుంచి. అయ్యాక దానికిష్టమైనదొకటి పెట్టి వదిలెయ్యండి. రెండుసార్లకు కక్కేస్తే ఆ పూటకు యుద్ధం ఆపి అరగంటాగి చూడండి.

నా నియమానికి ఒక్క మినహాయింపు ఉంది. భాస్వరాన్ని పట్టుకునే మందు తిండిలోని భాస్వరాన్నే పట్టుకుంటుంది కాబట్టి తిండితోనే కడుపులోకి పోవాలి. విడిగా వేస్తే వృథా. అది కలిపేటప్పుడు మాత్రం రోజుకు గింజంత చొప్పున పెంచుతూ పోవాలి. ఈ మందుల్లో కొన్నిటిలో ఉండే అల్యూమినియం గ్యాస్‌కి మనం తాగే సిరప్‌లో కూడా ఉంటుంది కదా అని అది పొయ్యకండి, ఆ సిరప్‌లలో చాలావాటికి మెగ్నీషియం కూడా కలుపుతారు, జబ్బు కిడ్నీకి అది మంచిది కాదు.

ఇప్పుడు అందరూ భయపడేది, సెలైన్. కిడ్నీ పాడైన పిల్లి ఎంత తాగినా అంతకంతా మూత్రంలో పోతుంది, ఒళ్లు ఎండిపోతుంది. అందుకని చర్మం కింద ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) ఎక్కిస్తారు. ఎంత, ఎన్ని రోజులకొకసారి అనేది డాక్టరే చెప్పాలి, ఎందుకంటే గుండె జబ్బు కూడా ఉన్న పిల్లికి అదే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మాకు 100 మిల్లీలీటర్లు, రోజు విడిచి రోజు. మొదట క్లినిక్‌లో వాళ్ల ఎదురుగా మీ చేత్తో గుచ్చి నేర్చుకోండి. బాటిళ్లు, సెట్లు, సూదులు చీటీ చూపిస్తే మెడికల్ షాపులో దొరుకుతాయి, ఎక్కువ కావాలంటే కోఠీ వైపు వెళ్లొచ్చు. సూది నంబర్ దగ్గర నాలాంటి దర్జీలు జాగ్రత్త: మిషను సూదికి నంబర్ పెరిగితే లావు, ఇంజెక్షన్ సూదికి నంబర్ పెరిగితే సన్నం. పద్దెనిమిదో నంబర్‌తో నీరు త్వరగా దిగుతుంది, ఇరవైతో గుచ్చినట్టు తక్కువ తెలుస్తుంది. మాది ఇరవై.

బాటిల్‌ను గోరువెచ్చటి నీళ్ల బకెట్‌లో పదినిమిషాలుంచి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసుకుంటాను. చల్లటి నీరు ఒంట్లోకి దిగితే ఎవరికైనా చిరాకే. కుట్టిన జాకెట్లు తగిలించే కొక్కేనికే బాటిల్ వేలాడదీస్తాను. ప్లాస్టిక్ బాటిల్ నీరు దిగేకొద్దీ నొక్కుకుపోయి గీతలు సరిగ్గా కనపడవు, కాబట్టి ఎక్కడ ఆపాలో మార్కర్‌తో ముందే గీయండి. ట్యూబులో గాలి పోయేదాకా కొంచెం వదిలి చక్రం బిగించండి. భుజాల మధ్య వదులు చర్మాన్ని చీర కుచ్చిళ్లు పట్టుకున్నట్టు పైకి పట్టుకుంటే కింద చిన్న గూడులా ఏర్పడుతుంది. సూది వాలుగా కోసిన ముఖం పైకుండేలా, వెన్నెముకకు సమాంతరంగా ఆ గూట్లోకి పోవాలి. చక్రం తిప్పగానే వేళ్లకు తడి తగిలితే సూది అవతలికి వచ్చేసినట్టు, కొంచెం వెనక్కి లాగండి. చుక్కలు ఆగిపోతే సూదిని కాస్త తిప్పండి. ఆ కాసేపూ మా ఆయన దాని ముందు క్రీమ్ ట్రీట్ పట్టుకుని కూర్చుంటాడు, ఇంట్లో ఆయనకిచ్చిన డ్యూటీ అదొక్కటే.

సూది తీశాక ఆ చోట వేలితో అరనిమిషం అదమండి. నీరు మూపురంలా నిలిచి, కొన్నిసార్లు ముందుకాలిలోకి జారుతుంది. కొన్ని గంటల్లో అదే ఇంకిపోతుంది. తర్వాతిసారికి కూడా వాపు అలాగే ఉంటే ఎక్కించకుండా ఫోన్ చెయ్యండి. సూది ప్రతిసారీ కొత్తదే. వాడినవి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి క్లినిక్‌లో ఇచ్చెయ్యండి, చెత్త ఏరేవాళ్ల చేతులకు గుచ్చుకుంటాయి. తెరిచిన బాటిల్‌లో నీరు మసకగా కనపడితే పారబొయ్యండి.

మా అత్తగారు ఇదంతా చూసి "మాకు పురుళ్లప్పుడు కూడా ఇంత సేవ చెయ్యలేదమ్మా" అన్నారు. ఇప్పుడు బాటిల్ వేడినీళ్లలో పెట్టేది ఆవిడే.

వారానికోసారి తూకం వేసి నోట్‌బుక్‌లో రాయండి. నాలుగు కేజీల పిల్లి 200 గ్రాములు తగ్గితే కంటికి తెలియదు, లెక్కకు మాత్రం అది ఇరవయ్యో వంతు. తిన్నది, కక్కింది, ఇసుకపెట్టెలో మూత్రానికి కట్టిన ఇసుక గడ్డల సైజు, నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది కూడా రాయండి. ఊపిరి 30 దాటి అలాగే ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. బీపీ కూడా చూడమని అడగండి. కిడ్నీ జబ్బు పిల్లులకు బీపీ పెరిగి ఒక్కసారిగా చూపు పోవచ్చు. మాకు బీపీకి అమ్లోడిపిన్ 2.5 ఎంజీ మాత్రలో పావు నడుస్తోంది. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లగిన్నెలు ఇంట్లో నాలుగుచోట్ల పెట్టి రోజూ మార్చండి. దీపావళి వారంలో బాంబుల మోతకు తిండి మానేస్తాయి కనుక ఆకలి మందు అయిపోకుండా ముందే తెచ్చుకోండి.

ఇంట్లో ఉండే కొన్ని మందులు పిల్లికి విషం. పారాసిటమాల్ ఒక్క మాత్రతో ప్రాణం పోతుంది. ఐబుప్రోఫెన్ కిడ్నీని ఇంకా పాడుచేస్తుంది. కుక్కల పిడుదులకు పోసే పర్మెత్రిన్ చుక్కలు కూడా పిల్లికి విషమే. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీలు ఇంట్లోకే రానివ్వకండి, వాటి పుప్పొడి చాలు కిడ్నీలు పోవడానికి.

నోరు తెరిచి ఆయాసపడటం, కంటిపాపలు విప్పారి గోడలకు గుద్దుకోవడం, మగపిల్లి మూత్రానికి ముక్కినా చుక్క రాకపోవడం, వీటికి తెల్లారేదాకా ఆగొద్దు. మీ దగ్గర్లో రాత్రి తెరిచుండే క్లినిక్ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. పగలైతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటు పరీక్షల ఖర్చు భరించలేకపోతే అక్కడ అడిగి చూడొచ్చు.

ఊరెళ్లాల్సి వస్తే పై ఇంటి పిన్నిగారికి తాళం ఇచ్చి వెళ్తాను. పావు ముక్కలన్నీ ముందే కోసి, వారాల పేర్లున్న మాత్రల డబ్బాలో సర్ది, ఏ గదికి ఏ మందో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటిస్తాను. ఆ కాగితంలో పైనే రాయాల్సిన మాట ఇంకొకటుంది: ఒక పూట తప్పిపోతే మరుసటి పూట రెండు కలిపి వెయ్యొద్దు, నాకు ఫోన్ చెయ్యండి.