ఓరుగల్లు నుంచి సూర్యలంకకు: రెండు రాత్రుల ప్రయాణం వేసుకునే తీరు

ఓరుగల్లు ప్రాంతంలో ఉన్నవారికి నీళ్లు చూడాలంటే కొదువ లేదు. భద్రకాళి చెరువు ఊళ్లోనే ఉంది, పాకాల, రామప్ప, లక్నవరం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. సముద్రం మాత్రం రాష్ట్రం దాటితే తప్ప కనిపించదు. పిల్లలు అడిగినప్పుడు పెద్దలకు మొదట తోచేది విశాఖపట్నమే అయినా, చేతిలో రెండు రాత్రులే ఉండి, వెంట వృద్ధులూ చిన్నపిల్లలూ ఉన్నప్పుడు బాపట్ల దగ్గరి సూర్యలంక అంతకంటె అనువైనదని నా అభిప్రాయం. వరంగల్ నుంచి ఖమ్మం, విజయవాడ, తెనాలి మీదుగా బాపట్ల రైలు దారిలో సుమారు 280 కిలోమీటర్లు; స్టేషను నుంచి తీరం మరో తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో వెళ్లవచ్చు.

అక్కడ నిశ్శబ్దం దొరుకుతుందా లేదా అన్నది మీరు ఎంచుకునే తేదీని బట్టి ఉంటుంది కనుక ప్రయాణాన్ని పంచాంగంతో మొదలుపెట్టాలి. మొదటిసారి మేము ఆ పని చేయక, సరిగ్గా కార్తిక పౌర్ణమి నాడు అక్కడ దిగాము. సముద్రస్నానానికి చుట్టుపక్కల జిల్లాలన్నీ కదిలి వచ్చినట్టుంది. ఇసుక మీద కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ మా అమ్మ, "ఇంత దూరం వచ్చి మళ్ల మేడారమే చూస్తున్నమా బిడ్డా" అన్నది. కార్తిక మాసపు ఆదివారాలు, మాఘ పౌర్ణమి, సంక్రాంతి తరువాతి రెండు మూడు రోజులు కూడా అటువంటివే. మేడారం జాతర జరిగే ఏడాదిలోనైతే మాఘ పౌర్ణమి సమయం రెండు విధాలా చెడ్డది: అక్కడ తీరం నిండిపోతుంది, ఇక్కడ ఆర్టీసీ బస్సులు జాతరకు మళ్లిపోవడం వల్ల స్టేషను చేరుకోవడమే కష్టమవుతుంది.

దసరా సెలవుల్లో వెళ్దామనే వారికి బతుకమ్మను వదిలి వెళ్లడం ఎలాగూ ఇష్టముండదు. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల సమీపంలోనే. ఏప్రిల్ తరువాత అక్కడి ఉక్కపోత మన పొడి ఎండ వంటిది కాదు, ఒంటి మీది చెమట ఆరదు. సంక్రాంతి సందడి ముగిసినప్పటి నుంచి ఫిబ్రవరి చివరి దాకా, సోమవారం నుంచి గురువారం లోపు వచ్చే రోజులు అన్నింటికంటె మేలైనవి. బడికి సెలవు పెట్టించవలసి వస్తుందన్న మాట నిజమే గాని, ఆదివారపు రద్దీలో పిల్లల చేయి వదలకుండా గడపడం కంటె అది నయం.

తేదీ కుదిరాక టికెట్లు. రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం ఎనిమిది గంటలకు మొదలవుతుంది. తిరుగు ప్రయాణానికి ఆ లెక్క దాని తేదీ నుంచి విడిగా వేసుకోవాలి కాబట్టి, రెండు రోజుల తరువాత మళ్లీ కూర్చోవడం మరచిపోకూడదు. 45 ఏళ్లు దాటిన స్త్రీలకు, 60 దాటిన పురుషులకు ఖాళీని బట్టి కింది బెర్తు కేటాయిస్తారు, అందుచేత వయసు సరిగ్గా నమోదు చేయాలి. ఆదిలాబాదు నుంచి తిరుపతి వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ కాజీపేట, వరంగల్ మీదుగా వెళ్లి బాపట్లలో ఆగుతుంది. పగటి ప్రయాణం కావడంతో విజయవాడ దగ్గర వంతెన మీద కృష్ణానదిని పిల్లలు కళ్లారా చూడవచ్చు. వేగంగా వెళ్లే రైళ్లు కొన్ని బాపట్లలో ఆగవు. అటువంటప్పుడు చీరాలలో గాని తెనాలిలో గాని దిగి రోడ్డు మీద వెళ్లాలి.

బస బాపట్ల ఊళ్లో చవకగా దొరుకుతుంది. అయినా తీరం ఒడ్డునే, పర్యాటక సంస్థ రిసార్టులోనో ప్రైవేటు రిసార్టులోనో, గది తీసుకోవడం మంచిది, ఎందుకంటే మన తూర్పు తీరంలో సూర్యుడు నీళ్లలోంచి పైకి వస్తాడు, అస్తమించేది వెనక ఊరి వైపు. అంటే చూడదగిన సమయం తెల్లవారుజాము. ఆ వేళకు ఊళ్లోంచి పిల్లలను లేపి ఆటో మాట్లాడుకుని వచ్చే ఓపిక ఎవరికీ ఉండదు. గది ఖాయం చేసే ముందు ఫోనులో నాలుగు సంగతులు అడగాలి: కింది అంతస్తులో ఇస్తారా, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కమోడ్ ఉందా, రాత్రి భోజనం ఎన్ని గంటల దాకా దొరుకుతుంది, తీరానికి ప్రస్తుతం సందర్శకులను అనుమతిస్తున్నారా. చివరిది అనవసరంగా కనిపించవచ్చు గాని, ప్రమాదాలు జరిగినప్పుడూ వాతావరణం బాగోలేనప్పుడూ అధికారులు కొన్నాళ్లు ప్రవేశాన్ని నిలిపివేస్తుంటారు.

సముద్రం విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. బాయిలో దూకి, కాకతీయ కాలువలో ఈది పెరిగిన మగపిల్లలకు నీళ్లంటే భయం ఉండదు, ప్రమాదం అక్కడే. బాయి నీరు కదలదు, కాలువ నీరు ఒకే వైపు పోతుంది, సముద్రమైతే ఒడ్డుకు తోసినంత బలంతో వెనక్కి లాగుతుంది. దీనిని పిల్లలకు మాటలతో చెప్పడం కంటె మొదటి రోజే చూపించవచ్చు. చీలమండ మునిగేంత నీటిలో చేయి పట్టుకుని నిలబెట్టండి. అల వెనక్కి మళ్లేటప్పుడు మడమల కింది ఇసుక జారిపోయి, నేల తనంతట తానే కదులుతున్నట్టు అనిపిస్తుంది, శరీరం వెనక్కి ఒరుగుతుంది. ఇంత తక్కువ నీటిలోనే అలా ఉంటే నడుము లోతులో ఎలా ఉంటుందో వారికే అర్థమవుతుంది. మోకాలి లోతు దాటకూడదన్న నియమం ఆ తరువాత పెడితే వింటారు.

అలలు విరుగుతున్న వరుసలో నడుమ ఒకచోట మాత్రం నీరు నునుపుగా, కొంచెం మట్టిరంగులో కనిపిస్తే, అది స్నానానికి అనువైన చోటని పొరబడేవారు ఎక్కువ. నీరు లోపలికి వేగంగా పోయే దారి తరచుగా అదే. పొరపాటున అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలి, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. పోటుపాట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పౌర్ణమి అమావాస్యలకు పోటు ఎక్కువ. ఆనాటి వేళ వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులను అడిగితే చెబుతారు. పెద్ద అలల హెచ్చరికలను హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ జారీ చేస్తుంది, ముందురోజు చూసుకోవాలి.

కాబట్టి రెండు ఉదయాలను నీటికి కేటాయించి, పది గంటలకల్లా గదికి చేరుకోండి. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంది. ఆ వేళ భోజనానికి, నిద్రకు సరిపోతుంది. చెరువు చేపలైన రవ్వ, బొచ్చె, కొర్రమీనుకు అలవాటుపడిన నాలుకకు చందువా, వంజరం కొత్తగా ఉంటాయి. బరువూ ధరా వండకముందే మాట్లాడుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో తాజా సముద్రపు చేపల మీద ఆశ పెట్టుకోకూడదు. సాయంత్రం బాపట్లలో భావనారాయణస్వామి గుడి చూడవచ్చు, నేత చీరలు కావాలనుకునేవారు చీరాల వెళ్లవచ్చు. అంతకు మించి చేర్చితే విశ్రాంతి కోసం వచ్చిన ప్రయాణం తిరుగుడుగా మారుతుంది.

సామానులో సకినాలు, గిన్నప్పలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు మనిషికి ఒక పాత నూలు బట్టల జత, టోపీ, ఇసుక దులపడానికి పొడి తువ్వాలు పెట్టుకోవాలి. తిరుగు రైలులో వేసుకునే బట్టలను వేరే సంచిలో పైన ఉంచుకుంటే చివరి ఉదయం కూడా నీటిలో గడపవచ్చు. పిల్లలు ఏరిన గవ్వలను మంచినీటితో కడిగి, లోపల ఏమీ లేదని వెలుతురులో చూసి మరీ మూట కట్టాలి. మా అబ్బాయి జేబులో దాచుకున్న గవ్వలోంచి, ఖమ్మం దాటాక, చిన్న పీత ఒకటి నడుచుకుంటూ ఎదుటివారి టిఫిను డబ్బా మీదికి ఎక్కింది.